కొల్లేటి కౌలు

ఎకరం చేపల చెరువుకి ఏడాదికి కౌలు ఎంత పలుకుతోందో కైకలూరు చుట్టుపక్కల ఏ టీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు. అదే ఎకరం చెరువు కాకుండా కొల్లేరుగానే ఉండిపోతే ఏడాదికి ఎంత వస్తుందని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ రాబడి నోట్ల రూపంలో ఎవరి చేతికీ రాదు కనుక. వరద నీటిని ఆపుకోవడం, మురుగుని వడకట్టడం, సముద్రపు ఉప్పుని వెనక్కి నెట్టడం, చేపపిల్లకీ గూడబాతుకీ చోటివ్వడం, ఈ పనులన్నీ సరస్సు చేసుకుంటూ పోతుంది. వన్యప్రాణుల ఆవాసాలు ఎందుకు కరిగిపోతున్నాయంటే దురాశ అనో, అజ్ఞానం అనో, రాజకీయం అనో మనం జవాబు చెప్పుకుంటాం. మూడూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ మూడిటినీ పక్కన పెట్టినా కొల్లేరు తగ్గిపోయే ఉండేదని నా వాదన. అసలు కారణం పద్దుల్లో ఉంది. సరస్సు వల్ల లాభపడేవాళ్లు ఒకరు, సరస్సు కోసం ఆదాయం వదులుకోవాల్సినవాళ్లు మరొకరు. మొదటివాళ్ల దగ్గర నుంచి రెండోవాళ్లకి డబ్బు చేరే దారి మనం ఇంతవరకు వేయలేదు. అది వేయనంతకాలం చట్టాలు, కోర్టులు, పొక్లెయిన్లు ఎన్నిసార్లు వచ్చి వెళ్లినా కట్టలు మళ్లీ లేస్తాయి.

ముందు ఆ సరస్సు చేసే పనేమిటో చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య నేల పల్లంగా ఉన్న చోట ఏర్పడింది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితో పాటు రెండు డెల్టాల కాలవలూ మురుగు కాలవలూ కలిపి అరవైకి పైగా వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు అరవై కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చే దారులు అన్ని, పోయే దారి ఒకటి అయినప్పుడు మధ్యలో నీరు ఆగడానికి చోటు కావాలి. ఆ చోటే కొల్లేరు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉందో చూసి ఇక్కడ నేలను కాంటూర్లుగా లెక్కిస్తారు. మూడో కాంటూరు దగ్గర సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరు దగ్గర 308. మూడులో ఉన్న నీరు వరదకి ఐదుకి ఎక్కిందనుకోండి. ఈ రెండు విస్తీర్ణాల సగటు మీద రెండడుగుల నీరంటే నాలుగున్నర టీఎంసీలు దాటుతుంది. ముతక లెక్కే, కానీ ఎంత నీరో తెలియడానికి చాలు. హైదరాబాద్ గండిపేట చెరువు నిండుకుండలా ఉన్నప్పుడు పట్టేది 3.9 టీఎంసీలు. అంటే మూడు, ఐదు కాంటూర్ల మధ్య ఎండాకాలంలో ఉత్త బీడులా కనిపించే ఆ నేల, వానాకాలంలో గండిపేటను మించిన రిజర్వాయరు. దానికి సిమెంటు పోయలేదు, గేట్లు పెట్టలేదు. డెల్టా నడిబొడ్డున ఇవాళ అంత జలాశయం కొత్తగా కట్టాలంటే భూసేకరణకే ఖజానా చాలదు. కొల్లేటి విలువ అనగానే అందరూ పక్షుల దగ్గర మొదలుపెడతారు. నేను ఈ రెండడుగుల నీటి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే పక్షులంటే ఇష్టం లేనివాళ్లు కూడా ఈ లెక్కని తోసిపుచ్చలేరు.

ఇంత పనిచేసే నేల ఎలా చేజారింది? 1970ల మధ్యలో ప్రభుత్వమే స్థానిక మత్స్యకారులతో, పేద రైతులతో సహకార సంఘాలు పెట్టించి సరస్సులో చేపల చెరువులకి దారి తీసింది. ఉద్దేశం మంచిదే. వరి మునిగిపోయే నేలలో చేప బతుకుతుంది కదా. కానీ చెరువుకి కట్ట పోయాలి, పిల్ల తేవాలి, మేత వేయాలి, మందులు కొట్టాలి. అంత పెట్టుబడి సంఘం సభ్యుడి దగ్గర ఎక్కడిది? పేరు సంఘానిది, పెట్టుబడి బయటివాళ్లది అయింది. తన వాటాకి ఇంతని కౌలు తీసుకున్న మనిషి అదే గట్టు మీద కూలికి వెళ్లడం మామూలైంది. ఆ తర్వాత సంఘాలతో నిమిత్తం లేని చెరువులు లేచాయి. 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో 42 శాతం చేపల చెరువుల కిందికి వెళ్లిందని తేల్చారు. చెరువుల సంఖ్య వెయ్యి దాటింది. విడివిడిగా చూస్తే వీళ్లలో ఎవరిదీ తెలివితక్కువ నిర్ణయం కాదు. బొచ్చె, శీలావతి అమ్మిన డబ్బు మొత్తం చెరువు వేసినవాడికే వస్తుంది. అతని కట్ట వల్ల ఎగువ ఊళ్లో అరడుగు నీరు ఎక్కువగా, నాలుగు రోజులు ఎక్కువగా నిలిస్తే ఆ నష్టం వేల ఇళ్లకి పంచుకుపోతుంది. అతని వంతుకి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఇలాంటి పద్దు ముందు పెట్టి మంచితనం చూపమంటే ఎంతమంది చూపుతారు? చూపిన ఒక్కడు నష్టపోతాడు, పక్కవాడి కట్ట ఎలాగూ ఉంటుంది.

చట్టం తనవంతు చేసింది. 1999లో ఐదో కాంటూరు వరకు కొల్లేరుని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో, ఆపరేషన్ కొల్లేరు పేరుతో, అభయారణ్యం లోపలి చెరువుల కట్టలు తెంచేశారు. కొన్నాళ్లు నీరు స్వేచ్ఛగా పారింది. తర్వాత మళ్లీ కట్టలు, మళ్లీ కేసులు, మళ్లీ కూల్చివేతలు. దీన్ని అధికారుల చేతకానితనం కింద కొట్టేయడం తేలిక. కానీ ఒకసారి తెంచిన కట్టని మళ్లీ పోయడానికి అయ్యే ఖర్చు ఒకటి రెండు పంటల్లో తిరిగి వచ్చేస్తుంటే, పట్టుబడినా శిక్ష ఏళ్ల తరబడి తేలకపోతుంటే, కట్ట పోయడమే లాభసాటి వ్యాపారం. పైగా ఐదో కాంటూరు లోపల పద్నాలుగు వేల ఎకరాలకు పైగా జిరాయితీ భూమి ఉంది. పట్టా చేతిలో ఉంది, చెరువు వేసుకునే హక్కు లేదు, పరిహారం సంగతి తేలదు. తన పొలం లోకకల్యాణానికి ఇచ్చేయమని ఒక రైతుని అడిగి, లోకం మాత్రం ఏమీ ఇవ్వకపోవడం ఇది. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకి కుదించమని 2008లో శాసనసభ తీర్మానం చేసిందంటే వెనకాల ఈ కోపం ఉంది. కోపం న్యాయమైనది. మందు మాత్రం తప్పు. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరునే ఉంచాలనీ, జిరాయితీ భూములకు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. మూడుకి కుదిస్తే పోయేది పటం మీద గీత కాదు. ఇందాకటి నాలుగున్నర టీఎంసీల చోటు పోతుంది. ఆ నేల చెరువులైతే అందులో నీరు అప్పటికే నిండి ఉంటుంది. వరద వచ్చిన రోజున వాటిలో పట్టేదేమీ ఉండదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో మొదటి స్థానం. కొల్లేటి చుట్టుపక్కల నుంచి ఐసు వేసిన లారీలు రోజూ కోల్‌కతాకీ అస్సాంకీ వెళుతున్నాయి. ఆ గొలుసు మీద బతికేవాళ్లు లక్షల్లో ఉన్నారు. పిట్టల కోసం ఇదంతా వదులుకోవాలా అని అడుగుతారు. ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఎకరానికి దిగుబడి చూస్తే సహజ సరస్సు చేపల చెరువుతో పోటీపడలేదు. చిలికా ఉదాహరణ చూడండి. 2000లో ఒడిశా వాళ్లు సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వి ఆ సరస్సుకి ప్రాణం పోశారు. 1999-2000లో 1,700 టన్నులకు కాస్త పైన ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి రెండేళ్లు తిరిగేసరికి 11 వేల టన్నులు దాటింది. అద్భుతమే, అయినా చిలికా విస్తీర్ణానికి పంచితే ఎకరానికి వచ్చేది కిలోల లెక్కే. చెరువులో అది టన్నుల లెక్క. తేడా ఎక్కడంటే, చిలికా చేపకి మేత కొననక్కర్లేదు, కౌలు కట్టనక్కర్లేదు. పడవా వలా ఉన్నవాడి చేతికే డబ్బు వస్తుంది. కొల్లేట్లో మావులు వేసి కొర్రమీను, వాలుగ, మట్టగిడసలు పట్టిన కుటుంబానికీ అంతే. చెరువులో వచ్చే టన్నుల్లో మేతకీ పిల్లకీ వడ్డీకీ పోగా మిగిలింది పెట్టుబడిదారుకి చేరుతుంది. సంఘం సభ్యుడికి దక్కేది కౌలు ముక్క. కాబట్టి పోల్చాల్సింది టన్నుల్ని కాదు, ఊళ్లో నిలిచే రూపాయల్ని. ఇంకో మాట. చేపల సాగు ఆపమని ఎవరూ అనడం లేదు. ఐదో కాంటూరు బయట రాష్ట్రంలో చెరువులకి కొదవ లేదు. అడుగుతున్నది ఆ 308 చదరపు కిలోమీటర్ల గురించి మాత్రమే. నిజానికి బయటి చెరువులకి కూడా ఈ సరస్సు అవసరం. లోపల మంచినీటి ఒత్తిడి తగ్గినప్పుడు ఆటుపోట్ల నీరు ఉప్పుటేరు మీదుగా ఎగువకి ఎక్కుతుంది. అప్పుడు బోర్లలో ఉప్పు తేలేది ముందుగా ఆ రైతులకే.

వరద నష్టాన్ని ఏ పద్దులో రాయాలి? 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు విజయవాడలోకి వచ్చింది. సింగ్‌నగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ వరదల నష్టం మీద రాష్ట్రం కేంద్రానికి ఇచ్చిన ప్రాథమిక అంచనా సుమారు 6,880 కోట్లు. ఆ మొత్తాన్ని కొల్లేటి కట్టల మీద రుద్దడం అన్యాయం. కుంభవృష్టి కురిసింది, డైవర్షన్ కాలవకి గండ్లు పడ్డాయి, నగరంలోనే బుడమేరుని ఇరుకు చేశారు, కృష్ణ కూడా పొంగింది. కానీ బుడమేరు చివరికి వెళ్లాల్సింది కొల్లేటికే. అవతల గిన్నె సగం పూడి ఉంటే ఇవతల నీరు తొందరగా దిగదు. ఏలూరు, కైకలూరు మధ్య చినఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కిందన్న వార్త పెద్ద వాన పడినప్పుడల్లా వింటూనే ఉంటాం. ఆ 6,880 కోట్లలో ఒక్క శాతానికి కట్టలే కారణం అనుకున్నా అది దాదాపు 69 కోట్లు, ఒక్క వరదకి. ఆ శాతం ఎంతో జలవనరుల ఇంజనీర్లు లెక్కగట్టి చెప్పాలి. చెప్పమని ఎవరూ గట్టిగా అడగకపోవడమే నాకు వింతగా ఉంటుంది.

మరో అభ్యంతరం ఎదుటి వైపు నుంచి వస్తుంది, ప్రకృతిని ప్రేమించేవాళ్ల నుంచి. సరస్సుకి ధర కట్టడమేమిటి, ఈ రోజు ధర కడితే రేపు అంతకన్నా ఎక్కువ ఇస్తానన్నవాడికి అమ్మేస్తారు కదా అంటారు. భయం సహేతుకమే. అందుకే గూడబాతుకి ధర కట్టవద్దనే నేనూ అంటాను. ఆటపాకలో అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచే ఆ పక్షులు, వాటి పక్కన ఎర్రకాళ్ల కొంగలు, మనకి రూపాయి లాభం తెచ్చినా తేకున్నా ఉండాల్సినవే. దానికి చట్టం ఉంది, ఉండాలి. ధర కట్టాల్సింది సరస్సు చేసే పనికి. ఆ లెక్క కూడా ఎప్పుడూ తక్కువే చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. రాబందుల సంగతి చూడండి. 1990లో రాబందు విలువెంతని ఏ ఆర్థికవేత్తని అడిగినా నవ్వి ఊరుకునేవాడు. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ చవగ్గా దొరకడం మొదలయ్యాక, ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. తెల్లనడుము రాబందుల్లో వెయ్యింటికి ఒకటి మిగిలితే గొప్ప. కళేబరాలు ఊరి చివర కుళ్లాయి, నీళ్లు చెడ్డాయి, కుక్కలు పెరిగాయి. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2005 వరకు దీనివల్ల అదనంగా పోయిన ప్రాణాలు సుమారు ఐదు లక్షలు. నష్టం ఏడాదికి 6,940 కోట్ల డాలర్లని వాళ్ల అంచనా. మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందుని 2006లో నిషేధించేనాటికి జరగాల్సింది జరిగిపోయింది. ఒక పక్షి చేసే చాకిరీ అది పోయాక గానీ మన పద్దుకెక్కలేదు. కాబట్టి కొల్లేటికి ఈరోజు ఎంత విలువ కట్టినా దాన్ని కనీస మొత్తంగానే చూడాలి, అమ్మకపు ధరగా చూడకూడదు.

మరి డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఒకరి నేలని వాడుకున్నవాడు కౌలు కట్టడం మన పల్లెల్లో అందరికీ తెలిసిన ధర్మం. విజయవాడ, గుడివాడ, ఏలూరు తమ మురుగుని, వరదని కొల్లేటిలోకి పంపుతున్నాయి. డెల్టా పొలాలు తమ మురుగు నీటిని పంపుతున్నాయి. ఎగువ వాళ్లందరూ వాడుకుంటున్న నేల ఇది, కౌలు కట్టేవాళ్లు మాత్రం లేరు. మన దేశపు పద్దుల పద్ధతి కూడా ఈ విషయంలో గుడ్డిది. పన్నుల్లో రాష్ట్రాలకు వాటా పంచేటప్పుడు 15వ ఆర్థిక సంఘం అడవులకీ పర్యావరణానికీ పది శాతం ప్రాధాన్యం ఇచ్చింది. మంచి పని. కానీ దాన్ని కొలిచింది దట్టమైన అడవి విస్తీర్ణంతో. నల్లమలలో చెట్టు ఉంటే రాష్ట్రానికి అంతో ఇంతో వస్తుంది, కొల్లేట్లో నీరుంటే ఏమీ రాదు. కిక్కిస మొలిచిన చిత్తడి నేల ఆ లెక్కలో బంజరుతో సమానం. కొల్లేటి చేప వెళ్లే కోల్‌కతానే ఇంకో రకంగా ఆలోచించడానికి పనికొస్తుంది. ఆ నగరానికి తూర్పున ఉన్న 12,500 హెక్టార్ల చిత్తడి నేలలు కూడా 2002లోనే రామ్‌సర్ జాబితాకెక్కాయి. నగరపు మురుగుని అక్కడ భేరీలనే చేపల మడుగుల్లో ఎండ, నాచు శుభ్రం చేస్తాయి, ఆ నీటిలోనే చేపలు పెరుగుతాయి. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు ఆ విషయాన్ని జీవితాంతం చెబుతూ వచ్చాడు: మురుగు శుద్ధి కర్మాగారాల ఖర్చుని ఆ జాలరులు నగరానికి మిగులుస్తున్నారని. మనకీ అదే సూత్రం వర్తిస్తుంది. నగరపాలక సంస్థల మురుగు పన్నులో కొంత, డెల్టా నీటి తీరువాలో కొంత, చేపల వ్యాపారం మీద కొద్దిపాటి సెస్సు కలిపితే కొల్లేటి లంక గ్రామాలకు ఏటా ఇవ్వడానికి ఒక నిధి నిలుస్తుంది. దయాధర్మంగా ఇచ్చే సాయం కాదు, చేస్తున్న పనికి చెల్లింపు.

డబ్బులిస్తే మాత్రం కట్టలు ఆగుతాయా, దళారులు తినేస్తారు కదా అంటే, ఆ అనుమానానికి ఆధారాలున్నాయి. కోస్టారికా 1996లో అటవీ చట్టం తెచ్చి, ఇంధనం మీద పన్ను వేసి, అడవి కాపాడే భూయజమానులకు చెల్లించడం మొదలుపెట్టింది. ప్రపంచమంతా మెచ్చుకున్న పథకం అది. అయినా తొలి ఏళ్ల చెల్లింపుల్లో చాలా భాగం ఎలాగూ ఎవరూ నరకని అడవులకే వెళ్లిందనీ, దానివల్ల ఆగిన నరికివేత స్వల్పమనీ తర్వాత పరిశోధకులు చూపించారు. అందులో మనకి కావలసిన పాఠం స్పష్టంగా ఉంది. ప్రమాదం లేని చోట డబ్బు పంచితే అది సంక్షేమ పథకం అవుతుంది తప్ప సంరక్షణ కాదు. కొల్లేట్లో ప్రమాదం ఎక్కడుందో వెతకనక్కర్లేదు, కట్ట ఎక్కడ లేచిందో ఉపగ్రహ చిత్రంలో కనిపిస్తుంది. ఊరి పరిధిలో కట్టలు లేని నీరు ఎంతుందో ఏటా కొలిచి, దాన్నిబట్టి ఊరందరికీ చెల్లిస్తే, ఒకడు కట్ట పోసినప్పుడు ఆదాయం తగ్గేది పక్కింటివాళ్లకి. అప్పుడు కాపలా అటవీశాఖ ఒక్కదానిదే కాదు, ఊరిది కూడా. దళారీ భయానికి నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు. ఇప్పటి పద్ధతిలో దళారీ లేడని మాత్రం ఎవరూ అనలేరు.

మిగిలింది వరస. 2006లో ముందు కట్టలు తెగాయి, పరిహారం మాట తర్వాత వచ్చింది, వచ్చి ఆగిపోయింది. జిరాయితీ భూములకు డబ్బు ముందు చేరాలి, ఏటా ఇచ్చే చెల్లింపు మొదటి విడత ఖాతాల్లో పడాలి, ఆ తర్వాతే యంత్రాలు దిగాలి. అప్పటికీ ఒక వర్గం మిగిలిపోతుంది. పట్టా లేనివాళ్లు, సంఘంలో పేరు లేనివాళ్లు, మేత బస్తాలు మోసి, వలలు లాగి, చేపలు పెట్టెలకెత్తి బతికే కూలీలు. చెరువు పోతే మొదటి వారంలోనే పని పోయేది వీళ్లకి. ఊరికి వచ్చే చెల్లింపులో వీళ్ల వాటా భూమిని బట్టి ఉండకూడదు, ఇంటిని బట్టి ఉండాలి. గుర్రపుడెక్క తీయడం, ఉప్పుటేరు మొగ నుంచి పూడిక ఎత్తడం లాంటి పనుల్లో మొదటి పిలుపు వీళ్లకే అందాలి. ఆ ఇళ్ల జాబితా ఏ రెవెన్యూ రికార్డులోనూ దొరకదు. ఊరూరా తిరిగి రాసుకోవాల్సిందే.